చేదు ఆపిళ్ల తోటలు: ఫ్వెనాఁ పట్టణ దర్శనము

ఆపిలుపండనగానే మన యిండ్లలో జ్వరము తగ్గి పథ్యము తినువారి మంచము ప్రక్కనుండు పండే జ్ఞప్తికి వచ్చును. చూడవచ్చిన బంధువులు చేతిసంచిలో నాలుగు పండ్లు తెచ్చి బల్లమీద నుంచుటయు, అవి రోగికంటె పిల్లల నోటికే యెక్కువ పోవుటయు నందఱు నెఱిగినదే. ఆ పండు చూచుటకు నెఱ్ఱగా నుండవలెను, తినుటకు తీయగా నుండవలెను. లేనియెడల కొన్నవారు మోసపోయిరని యనుకొందుము. అట్టి మాకు, నోట బెట్టుకొన నలవిగాని చేదు ఆపిళ్లవలననే పేరు పొందిన యూరొకటి కలదని విన్నప్పుడు నమ్మిక కలుగలేదు. దానిని కన్నులార చూచివచ్చిన పిదప సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని తోచినది.

ఆ యూరి పేరు ఫ్వెనాఁ. ఫ్రాన్సుదేశమునకు పడమటి కొసన, సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన బ్రిటనీ సీమలోనిది. పేరులో వ్రాయు నక్షరములన్నియు పలుకుటకు గావని మేము మొదట నెఱుగము. వ్రాతనుబట్టి చదువగా మా తోడికోడలు నవ్వాపుకొనలేకపోయినది. మా మరిది యుద్యోగరీత్యా ఆ సీమలోని రెన్ నగరమున కాపురముండుటచేత, దసరా సెలవులలో మావారితో గూడ నచ్చటికి బోవు నవకాశము చిక్కినది. సరిగా నవే ఆపిళ్లు రాలు దినములు.

రెన్ నుండి కెంపేరు పట్టణమునకు రైలులో రెండు గంటలకు పైగా పట్టును. అచ్చట దిగి బస్సు నెక్కవలెను. కెంపేరు పెద్దచర్చి జంటశిఖరములను చూచుచు, దాని లోపలి నడవ తిన్నగా నుండక ఒక ప్రక్కకు వంగియుండుటకు కారణములు విచారించుచు నిలిచిన మా యజాగ్రత్తచే బస్సొకటి తప్పిపోయెను. తరువాతి బస్సు వచ్చువఱకు చలిగాలిలో నిలువవలసివచ్చినది. అక్కడనుండి దక్షిణముగా 15 కిలోమీటర్ల దూరముననే ఫ్వెనాఁ.

ఈ జిల్లాకు ఫ్రెంచివారు ఫినిస్తేర్ అని పేరిడిరి. భూమికి కడ యని దాని యర్థము. ఆ నేలవారు తమ బ్రెతోను భాషలో 'పెన్ ఆర్ బెద్' అందురు. 'పెన్' అను మాటకు కొస యనియు తల యనియు రెండర్థములు గలవు గనుక, తమది లోకమునకు శిరస్సని చెప్పుకొనుటకు వారికి అడ్డులేదు. రాజధానినుండి చూచువారికి కొసయైనది ఇంటివారికి తల యగుటలో మాకేమియు వింత తోచలేదు. 5, 6 శతాబ్దములలో బ్రిటను దీవినుండి సముద్రము దాటివచ్చి యచ్చట నిలిచినవారి భాష యది. ఫ్రెంచికంటె వేల్సువారి భాషకు దగ్గఱ చుట్టము. ఇప్పుడు మాటలాడువారు తగ్గిపోయినను త్రోవపలకలపై ఊళ్ల పేర్లు రెండు భాషలలోను కనబడుచుండును. ఆ భాషలో ఆపిలును 'అవల్' అందురు. ఆర్థరు రాజు కథలో, యుద్ధమున గాయపడిన రాజును కొనిపోయిన అవలోన్ దీవి పేరును ఈ మాటతోనే ముడిపెట్టి, ఆపిళ్ల దీవి యని పండితులు చెప్పుదురు.

ఫ్వెనాఁ జనసంఖ్య సుమారు 10,000. సముద్రతీరము దగ్గఱ నుండుటచే వేసవిలో యాత్రికులు తండోపతండములుగా వత్తురు. బెగ్ మెయ్ అను రేవును, తీరమునకు దూరముగా నున్న గ్లెనాఁ ద్వీపములును ఈ యూరి పరిధిలోనివే. మేము పోయినది అక్టోబరు మాసమగుటచే అంగళ్లు సగము మూసియుండెను, వీథులు నిమ్మళముగా నుండెను. ఆపిలుచెట్ల పేర నచ్చట జరుపుచు వచ్చిన యుత్సవము జులై నెలలోనిదని విని మేము కొంత యాశ్చర్యపడితిమి. పూవు పూయునది ఏప్రిలు, మే నెలలలో; కాయ రాలునది సెప్టెంబరు మొదలు డిసెంబరు వఱకు. రెండింటికిని నడుమ, చెట్టు పచ్చగా నూరక నిలిచియుండు దినములలో చెట్టునకు పండుగ! వేసవి చుట్టములు వచ్చు కాలమదియే గదా యని మా తోడికోడలు సమాధానము చెప్పినది.

ఊరినడుమ సెయింటు పీటరు పేర నున్న రాతిచర్చి 12వ శతాబ్దము నాటిది. లోన స్తంభములు బలిష్ఠములై, కిటికీలు చిన్నవై, చల్లని చీకటి యుండును. మమ్ము దానికంటె నెక్కువగా నిలువబెట్టినది ముంగిటనున్న స్మారకము. 1914లో మొదలైన మహాయుద్ధములో మడిసిన యూరివారికొఱకు రెనె కిలివిక్ అను బ్రెతోను శిల్పి మలచినది. తుపాకి పట్టిన సైనికుని గాక, ఆ యూరి వేషములో నున్న స్త్రీని ఆయన చెక్కెను. ఎవరి తల్లియో, ఎవరి యిల్లాలో తెలియదు. తలపై ఆ ప్రాంతపు లేసు శిరోవేష్టనము మాత్రము స్పష్టముగా నున్నది. మేము కొంతసేపు మాటలాడక నిలిచితిమి.

ఆ శిరోవేష్టనమును క్వాఫ్ అందురు. బ్రిటనీలో నొక్కొక్క ప్రాంతమున కొక్కొక్క తీరు. దానిని చూచియే యే యూరి పడుచో చెప్పగలిగెడివారట. ఫ్వెనాఁ వేషములో తలపై లేసు, మెడచుట్టు గంజిపెట్టిన వెడల్పాటి మెడపట్టు నుండును. ఆ మెడపట్టులో గొట్టములవంటి మడతలు వచ్చుటకు గడ్డిపోచలను వరుసగా దూర్చి ఇస్త్రీ చేయుదురు. ఇప్పు డుత్సవములందే తప్ప దీనిని ధరించువారు లేరు. గడ్డిపోచల సంగతి ముందుకు మరల వచ్చును గనుక ఇచ్చట చెప్పితిమి.

తోటను చూపుటకు మా మరిది ముందుగానే యొక రైతుకుటుంబమునకు తెలిపియుండెను. ఊరికి వెలుపల, గుబురు కంచెల నడుమ నున్న పచ్చికబయలులో చెట్లు దూరదూరముగా నిలిచియుండెను. మ్రాను ఎత్తుగా పెంచుటచే క్రింద నావులు మేయవచ్చును. పచ్చికమీద పండ్లు పసుపు, ఎఱుపు, గోధుమవన్నె కుప్పలుగా రాలియుండెను. కోయుట యనునది లేదు. పండు తనంతట రాలవలెను, లేదా కొమ్మను గడతో తట్టి రాల్పవలెను. పెద్ద తోటలలో ఏరుటకు యంత్రములు వచ్చినవి. ఇచ్చట మాత్రము ఇద్దరు స్త్రీలు తడిసిన గడ్డిలో మోకాళ్లూని బుట్టలలో కేరుచుండిరి. ఇంటి పెద్ద యగు నవ్వ ఎనుబదియేండ్లు దాటినది. ఆమె మమ్ము చూచి బుట్ట దింపి, చేతులు కొంగుకు తుడుచుకొన్నట్లు ముందుకట్టు గుడ్డకు తుడుచుకొని, మాతో కరచాలనము చేసినది. ఆ వ్రేళ్లు మంచువలె చల్లగా నుండెను. చిన్ననాటినుండి ఈ మాసములలో తన చేతులు వెచ్చబడుట యెఱుగదట.

మేము నేలనుండి యొక నున్నని పండు తీసి కొఱికితిమి. పచ్చివక్క నమలినట్లు నాలుక ముడుచుకొనిపోయినది, వెనుకనే చేదు. అవ్వ నవ్వి, అది తినుటకు గాదని మా తోడికోడలిచేత చెప్పించినది. ఈ ఆపిళ్లలో తీయనివి, చేదుతీపివి, చేదువి, పుల్లనివి యని జాతులు గలవు. తీపి పులిసి సారమగును. పులుపు చెడిపోకుండ కాపాడును. చేదును వగరును పానీయమునకు నిండుదనము నిచ్చి, రంగు నిచ్చి, నిలువయుండజేయును. ఒక్క జాతితో నెన్నడును పని జరుగదు. మన పులిహోరలో నేది తగ్గినను తెలిసిపోవునట్లే యిదియు. ఆ జాతుల పేర్లు వినుటకే వేడుకగా నున్నవి: కెర్మెరియెన్, మరీ మెనార్, దూస్ మోయెన్, చేదు మచ్చలపండని యర్థమిచ్చు హ్వెరో బ్రిజ్, గరుకు తొక్కగల మఱియొక దానికి 'కుక్క తోలు' అని పేరు! మన మామిళ్లకు రసాలము, సువర్ణరేఖ యని ముద్దుపేర్లు పెట్టినవారికంటె వీరు నిజము చెప్పువారు.

ఈ పండ్లతో చేయునదే సైడరు. ఫ్రెంచివారు సీద్ర్ అందురు. పండ్లను కడిగి, యంత్రములో ముక్కచెక్కగా తురిమి, ఆ పిప్పిని కొన్ని గంటలు గాలికి విడుతురు. అప్పు డది రంగు తిరుగును. పిదప దానిని గానుగవంటి యొత్తుడుబల్లపై పొరలుపొరలుగా పేర్చి పిండుదురు. పూర్వము పొరకు పొరకు నడుమ గోధుమగడ్డి పఱచెడివారు. ఇంటిలోని స్త్రీల మెడపట్టునకును, కొట్టములోని పిప్పికిని గడ్డిపోచయే యూతయైనదని చూడగా మాకు ముచ్చట గలిగినది. ఇప్పుడు గడ్డికి బదులు గుడ్డలు వాడుచున్నారు. నూఱు కిలోల పండ్లకు సుమారు 65 లీటర్ల రసము దిగును. పిండిన పిప్పి పశువులకు పోవును.

రసమును తొట్టిలో నుంచి కొన్ని దినములు కదపరు. మనము బెల్లము పాకము కాచునప్పుడు మడ్డి పైకి తేలునట్లు, నిప్పు లేకయే దానిపై దళసరి గోధుమవన్నె మీగడ తేలును. అడుగున మష్టు దిగును. ఆ రెంటికి నడుమ నున్న తేట రసమును మాత్రము మెల్లగా తీసివేయుదురు. ఇల్లాలికి కావలసిన యోర్పంతయు ఇందు గలదు. ఒక పూట ముందైన తేట రాదు, ఒక పూట వెనుకైన మీగడ విఱిగి కలిసిపోవును. ఆ తేట చలికాలమంతయు నెమ్మదిగా పులియును. తీపి కొంత మిగిలియుండగానే సీసాలలో పోసి బిరడా బిగింతురు. సీసాలో పులియుటవలన నురుగు పుట్టును. ఈ కోర్నువాయ్ ప్రాంతపు సైడరునకు 1996లో ప్రభుత్వము ప్రత్యేక నామహక్కు నొసగినది. ఈ ప్రాంతపు పండ్లతో, ఈ పద్ధతిని చేసినదానికే ఆ పేరు చెల్లును.

ఇచ్చట మేమొక మాట దాచక చెప్పవలెను. సైడరు మద్యమే. తక్కువ ఘాటుగలదే, నూటికి మూడు మొదలు ఆఱు పాళ్లలోపు సారము గలదే యైనను మద్యము మద్యమే. చిన్ననాట మా నాన్నగారు ఆదిపర్వము చదివించునప్పుడు, కచుని బూడిద కలిపిన సురను త్రాగి, శిష్యుని తన కడుపులోననే యెఱిగిన శుక్రాచార్యుని కథ మా మనస్సులో గాఢముగా నాటినది. దేవయాని కన్నీరు మఱవరానిది. అట్టి మేము ఒక పానీయముపేర వెలసిన యూరిని గూర్చి యింపుగా వ్రాయవచ్చునా యని సంకోచించితిమి. ఆ సంకోచమును తీర్చినది, లేదా మఱింత పెంచినది, ఆ యవ్వయే.

వంటింటిలో కూర్చుండబెట్టి ఆమె మా ముందు మట్టిగిన్నెలుంచినది. సైడరును గాజుపాత్రలలో గాక ఇట్టి గిన్నెలలో త్రాగుట అచ్చటి యాచారము. మేము వలదని చేతులు జోడించితిమి. ఆమె నొచ్చుకొనలేదు, కొట్టములోనికి పోయి యప్పుడే పిండిన రసము తెచ్చినది. తెల్లవారుజామున దింపిన తాటినీరావలె నదియు నింకను నిర్దోషి. తీయగా నుండి, చివర నొక చిన్న వగరు. మావారు గిన్నెలోని దానిని రుచి చూచిరా లేదా యని సోదరీమణు లడుగుదురేమో. ఆ సంగతి వారినే యడుగవలెను.

మేమేల త్రాగమని అవ్వ యడుగగా, మా దేశమున కల్లు, సారాలవలన స్త్రీలు పడిన పాట్లు కొంత చెప్పితిమి. ఆమె చాలసేపు బల్లవైపు చూచి, తన కథ చెప్పినది. భయము బల్లమీది గిన్నెవలన గాదట, కొట్టములోని చిన్నగ్లాసువలన. సైడరును బట్టీపెట్టి దింపిన లాంబిగ్ అను సారము, నూటికి నలుబది పాళ్లకు పైబడిన ఘాటుగలది, ఆ పల్లెలలో ఇంటింట నుండెడిది. తోటగలవారు స్వచ్ఛసారముగా లెక్కించి 10 లీటర్లవఱకు పన్నులేక దింపించుకొను హక్కు తండ్రినుండి కొడుకునకు వచ్చెడిది. బట్టీవాడు బండితో ఊరూర తిరిగి దింపి యిచ్చెడివాడు. మొదటి మహాయుద్ధములో ప్రభుత్వమే తుపాకిమందు తయారీకై ఆపిలు సారమును కొనెను; తరువాత మిగులు సారమును ఏమి చేయవలెనో తెలియకపోయెను. 1954లో ప్రధానియైన మెందెస్ ఫ్రాన్సు మద్యపానముతో పోరుచు బడిపిల్లలకు పాలు పంచిపెట్టించెను. ఆ దశకములోనే ఆపిలుచెట్లను పెరికివేయువారికి ప్రభుత్వము సొమ్మిచ్చుట మొదలుపెట్టెను. 1960లో వచ్చిన చట్టముచే పన్నులేని హక్కు వారసులకు సంక్రమించుట నిలిచిపోయెను.

ఆ చిన్నగ్లాసు అవ్వ తండ్రిని నలుబదియేండ్లు నిండకమునుపే తీసికొనిపోయినది. చెట్లు పెరుకు సొమ్ము మాట విన్నంతనే, వితంతువైన తల్లి మొదటి దినముననే కాగితముపై సంతకము చేసినదట. యంత్రముతో చెట్లను పెల్లగించుచుండగా ఊరివారు జాలిపడిరి. తల్లి మాత్రము వాకిట కుర్చీ వేసికొని కూర్చుండి చివరి చెట్టువఱకు చూచినది. పండ్రెండేండ్ల పిల్లయగు తాను ఇంటి వెనుక దాగి యేడ్చినది. ఆ సొమ్ముతో తల్లి రెండావులను కొన్నది.

"మా యమ్మ చేసినది తప్పని నే ననలేదు. ఆమె బ్రతికియున్నంతకాలము ఇచ్చట నొక మొక్కయు నాటలేదు" అని అవ్వ చెప్పినది.

తల్లి పోయిన తరువాతనే ఆమెయు, భర్తయు పొరుగు తోటలనుండి కొమ్మలు తెచ్చి అంట్లు కట్టిరి. 1987 అక్టోబరు 15వ తేది రాత్రి వచ్చిన పెనుతుపానులో బ్రిటనీ యంతట చెట్లు కూలినవి. వీరి లేతచెట్లును సగము పోయినవి. మరల నాటిరి. నేడు మేము చూచిన తోట అది. వీరు సైడరు చేసి యమ్ముదురు గాని, లాంబిగ్ దింపువారికి పండునుగాని రసమునుగాని యీయరు. ఆ మాట కుమారునిచేత కూడ ఒప్పించుకొన్నదట.

అప్పుడు మేము 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగిన సంగతి చెప్పితిమి. అక్షరములు నేర్చుకొనుటకు రాత్రిబడికి వచ్చిన స్త్రీలు తమ బ్రతుకులను గూర్చిన పాఠము చదివి, లేచిపోయి సారా దుకాణము మూయించుట. ఆ పోరు జిల్లా యంతట, తరువాత రాష్ట్రమంతట వ్యాపించుట. 1993 అక్టోబరులో సారా నిషేధము, 1995లో సంపూర్ణ నిషేధము వచ్చుట. 1997లో అది సడలిపోవుట. మా తోడికోడలు ఒక్కొక్క వాక్యము ఫ్రెంచిలో చెప్పుచుండగా అవ్వ తల యూపుచు విన్నది. అంతయు విని యామె యడిగినది నిషేధమును గూర్చి గాదు. "ఆ స్త్రీలు తరువాత చదువు పూర్తిచేసిరా?" అని. మావారు బడిపంతులు గదా. వారును మేమును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి. మా యొద్ద సమాధానము లేకపోయెను.

భోజనమునకు ఆమె కోడలు పెద్ద యినుపపెనముపై అట్లు పోసినది. నల్లగోధుమ యని పిలుచు నొక గింజపిండితో చేయునది. నిజమునకు గోధుమజాతి గాదు. పెనముపై పిండి పోసి, చిన్న చెక్కపుల్లతో గుండ్రముగా త్రిప్పి పలుచగా పఱచు తీరు చూచి మేము మన దోసెయే యంటిమి. మేము శాకాహారులమని చెప్పగా, ఉప్పువెన్న రాచి, వెన్నలో మగ్గబెట్టిన ఆపిలుముక్కలు పెట్టి మడిచి యిచ్చినది. అవి తినుటకు పెంచిన వేఱుజాతి పండ్లు. మేమును ఒక యట్టు పోయుదుమని పూనుకొని పెనముమీద భారతదేశపటమువంటి దానిని పోసితిమి, అందఱు నవ్విరి.

సాయంకాలము మా మరిది బెగ్ మెయ్ తీరమునకు తీసికొనిపోయెను. 1895లో మార్సెల్ ప్రూస్తు అను రచయిత, సంగీతవేత్తయగు తన మిత్రుడు రెనాల్దో హాన్‌తో గూడ వచ్చి యిచ్చట కొన్ని వారములుండి, 'జాఁ సాంతెయ్' అను నవలను వ్రాయ మొదలుపెట్టెను, పూర్తిచేయలేదు. ఆయన మరణానంతరము 1952లో నది యచ్చుపడినది. సముద్రము బూడిదవన్నెతో నిశ్చలముగా నుండెను. గాలిలో ఉప్పువాసన, త్రోవలోని తోటలనుండి మాగిన పండ్ల వాసన.

బయలుదేరునప్పుడు అవ్వ మా సంచిలో ఏడెనిమిది ఆపిళ్లు వేసినది. తినుటకు గాదని మఱల జ్ఞాపకము చేసి, అలమరలో బట్టల నడుమ నుంచుకొమ్మన్నది. రైలులో మా మరిది కుమారుడు, ఆఱేండ్లవాడు, ఎవరి మాటయు వినక ఒకటి కొఱికి, మొగము చిట్లించి, ఉమ్మివేయుటకు చోటులేక తల్లి చేతిరుమాలు లాగుకొనెను. మిగిలినవాటిని రెన్‌లో మా పెట్టెలోని చీరల నడుమ నుంచితిమి. విదేశపు పండ్లు విమానములో తేగూడదు గనుక వచ్చునాడు వాటిని తీసి మా తోడికోడలి కిచ్చితిమి. చీరలకు మాత్రము ఆ వాసన పట్టియున్నది. మొన్న అట్లతద్దికి ఆకుపచ్చచీర విప్పగా, పొరుగింటి పిన్నిగారు వచ్చి, ఇదేమి పరిమళమమ్మా యని యడిగినారు.